ఇంటి కంప్యూటర్ల అల్లిక: ఫైళ్ళు అందనప్పుడు, ఆటలు కలవనప్పుడు

ఒకే ఇంటిలోని కంప్యూటర్లు, ఫోన్లు, ప్రింటరు, టీవీ ఒక రౌటరు ద్వారా కలిసి, సమాచారాన్ని ఇచ్చిపుచ్చుకొనే ఏర్పాటును ఇంటి నెట్‌వర్కు అంటారు. దీనికి ఇంటర్నెట్టుతో పని లేదు. ఈ చిన్న సంగతి తెలియకపోవడం వలననే చాలా ఇళ్ళలో సగం చిక్కులు మొదలవుతాయి. ఫైబరు తెగినా, ఫోనులో డేటా అయిపోయినా ముందుగదిలోని కంప్యూటరునుండి వెనుకగదిలోని లాప్‌టాప్‌కు ఫైలు వెళ్ళవలసిందే, పిల్లల ఆట సాగవలసిందే. సాగడం లేదంటే దోషం ఇంటిలోనే ఉన్నది. ఇంటర్నెట్టు బాగున్నా ఒక యంత్రం మరొకదానికి కనబడకపోవడం కూడా అంతే సాధారణం. రెండింటినీ ఒకటిగా తలచి, ఇంటర్నెట్టు ఇచ్చే సంస్థకు ఫోను చేసి వేచియుండడం వృథా.

సరిహద్దు గ్రామాల కుటుంబాలకు ఈ ఏర్పాటు అవసరం ఒకింత ఎక్కువ. హోసూరు, బళ్ళారి, బరంపురం, సిరొంచ వంటి ప్రాంతాల తెలుగు ఇళ్ళలో భూమి కాగితాలు, బడి పత్రాలు ఆ రాష్ట్ర భాషలో ఉంటాయి. పెద్దల ఉత్తరాలు, పెండ్లి పాటలు, పిల్లలకు తెలుగు నేర్పే వాచకాలు తెలుగులో ఉంటాయి. ఇవన్నీ స్కాను చేసి కంప్యూటరులో దాచుకొన్న కుటుంబాలకు ఆ కంప్యూటరే భోషాణం. దానిని తెరిచే తొందరలో తాళం పగులగొట్టే ఉపాయాలు ఊరూరా ప్రచారంలో ఉన్నవి: ఫైర్‌వాల్ ఆపివేయడం, ఫోల్డరును అందరికీ పూర్తి హక్కులతో తెరిచిపెట్టడం, పాత భాగాలను తిరిగి చేతనం చేయడం. ఒక్కొక్కసారి ఇవి పనిచేసినట్లే కనబడతాయి. అయితే దోషం ఎక్కడ ఉన్నదో తెలిస్తే వీటిలో ఒక్కటీ అవసరం రాదు.

వెదకవలసిన చోట్లు నాలుగు. తీగ లేదా వైఫై కలిసిందా, యంత్రానికి సరైన చిరునామా వచ్చిందా, తలుపు తెరిచే అనుమతి ఉన్నదా, పిలిచిన పేరు పలుకుతున్నదా. ఈ క్రమం ముఖ్యం. కింది మెట్టు చూడకుండా పై మెట్టులో గంటలకొద్దీ సెట్టింగులు మార్చడం వలన లేని దోషాలు కొత్తగా వచ్చి చేరుతాయి.

తీగ, గాలి

రౌటరు వెనుక ఒకే పోలికతో నాలుగు రంధ్రాలు, కొంచెం ఎడంగానో వేరు రంగులోనో మరొకటి ఉండడం పరిపాటి. ఆ ఒక్కటీ బయటి ఇంటర్నెట్టు కోసం. ఇంటి యంత్రాలు తక్కిన నాలుగింటిలోనే ఉండవలెను. తీగ గుచ్చినప్పుడు ఆ రంధ్రం వద్ద చిన్న దీపం వెలగకపోతే ముందు తీగను మార్చి చూడవలెను.

ఈ తీగలో ఎనిమిది సన్నని పోగులు నాలుగు జంటలుగా మెలివేసి ఉంటాయి. మన దేశంలో ఎక్కువగా అనుసరించే వరుస ఇది: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. సెకనుకు 100 మెగాబిట్ల వేగానికి 1, 2, 3, 6 స్థానాలలోని పోగులు చాలును. 1000 మెగాబిట్లకు ఎనిమిదీ కావలెను. అందువలన గోధుమ జంటలో ఒక పోగు తెగినా తీగ పనిచేస్తూనే ఉంటుంది, వేగం మాత్రం పదోవంతుకు పడిపోతుంది. 10 గిగాబైట్ల పెండ్లి వీడియో మంచి తీగలో ఒకటిన్నర నిమిషంలో వెళ్ళగలదు. ఇట్టి తీగలో పావుగంట పడుతుంది. ‘కంప్యూటరు ముసలిదైపోయింది’ అని నిట్టూర్చే ఇళ్ళలో ఎలుక కొరికిన తీగ దొరకడం అరుదు కాదు. రాగి పూత వేసిన అల్యూమినియం తీగలు చవకగా దొరుకుతాయి కాని, నాలుగుసార్లు వంచేసరికి లోపల విరుగుతాయి.

తీగ పొడవు 100 మీటర్లు దాటరాదు. అంతకంటె ముఖ్యమైన హెచ్చరిక మరొకటి ఉన్నది. అన్నదమ్ముల ఇళ్ళు రెండూ కలుపుదామని మిద్దెమీదుగా రాగి తీగ లాగడం పల్లెలలో కనబడుతుంది. పిడుగు నేరుగా పడనవసరం లేదు, దగ్గరలో పడినా ఆ తీగలో పుట్టిన విద్యుత్తు రెండు ఇళ్ళలోని రౌటర్లను, కంప్యూటర్లను ఒకేసారి కాల్చగలదు. రెండు ఇళ్ళ ఎర్తింగు ఒకటి కాకపోవడం వలన మామూలు రోజులలోనూ ఆ తీగ వెంట అనవసర ప్రవాహం నడవవచ్చును. ఇల్లు దాటే కలయికకు గాజుపోగు తీగ గాని, ఎదురెదురుగా బిగించే వైర్‌లెస్ పెట్టెలు గాని తగినవి.

వైఫై విషయంలో రెండు పట్టీలను వేరుగా ఎరుగవలెను. 2.4 గిగాహెర్ట్జ్ పట్టీ గోడలు దాటి దూరం పోతుంది కాని నెమ్మది. మైక్రోవేవ్ పొయ్యి, బ్లూటూత్ పరికరాలు, పక్కింటి రౌటరు అన్నీ దానినే వాడతాయి. 5 గిగాహెర్ట్జ్ పట్టీ వేగమైనది కాని మందపు గోడల వద్ద చతికిలబడుతుంది. బండరాతి గోడల పాత ఇళ్ళలో, మూరెడు మందం మట్టిగోడల ఇళ్ళలో రౌటరును నడిమి గదిలో ఎత్తున పెట్టడం, లేదా వెనుకగది వరకు ఒక తీగ లాగి అక్కడ రెండవ రౌటరు పెట్టడం తప్ప మార్గం లేదు. 2.4 పట్టీలో దారులను 1, 6, 11 సంఖ్యలలో ఒకదానికి స్థిరపరిస్తే పొరుగువారి సంకేతాలతో పెనగులాట కొంత తగ్గుతుంది.

చిరునామా, రెండు రౌటర్ల చిక్కు

విండోస్ మీటతో పాటు ఆర్ మీట నొక్కి, వచ్చిన పెట్టెలో సీఎండీ అను మూడు ఇంగ్లీషు అక్షరాలు కొట్టితే నల్లని కిటికీ తెరుచుకొంటుంది. అందులో ఐపీకాన్ఫిగ్ అను ఆజ్ఞను ఇంగ్లీషు అక్షరాలలోనే ఇవ్వవలెను. ఐపీవీ4 చిరునామా అనే వరుసలో నాలుగు భాగాల సంఖ్య ఒకటి కనబడుతుంది. ఇంటి యంత్రాలకు అది సాధారణంగా 192.168 తో మొదలవుతుంది. 10 తోను, 172.16 నుండి 172.31 వరకు గల అంకెలతోను మొదలయ్యేవి కూడా ఇంటి వాడుకకే కేటాయించినవి. ఆ సంఖ్యను ప్రతి యంత్రంలోను చూసి కాగితంమీద రాసుకొనడం ఈ పనిలో అన్నిటికంటె విలువైన అయిదు నిమిషాలు.

సంఖ్య 169.254 తో మొదలైతే ఆ యంత్రానికి రౌటరునుండి చిరునామా అందలేదని, అది తనంత తానే ఒకటి కల్పించుకొన్నదని అర్థం. దోషం తీగలోనో, వైఫైలోనో, రౌటరులో చిరునామాలు పంచే భాగంలోనో ఉన్నది. అటువంటప్పుడు పై మెట్లలో ఏమి మార్చినా ఫలితం ఉండదు.

రెండు యంత్రాలకూ చిరునామాలు ఉండి, ఒకదానిలో మొదటి మూడు భాగాలు 192.168.1 అని, మరొకదానిలో 192.168.0 అని ఉంటే అది రెండు రౌటర్ల చిక్కు. నేటి ఇళ్ళలో అన్నిటికంటె ఎక్కువగా కనబడేది ఇదే. ఫైబరు సంస్థ ఇచ్చిన పెట్టెలో ఒక రౌటరు దాగి ఉంటుంది. కుటుంబంవారు వైఫై చాలలేదని అంగడిలో మరొక రౌటరు కొని దానికి తగిలిస్తారు. ఇప్పుడు ఇంటిలో రెండు వీధులు ఏర్పడినవి. రెండింటిలోను ఇంటర్నెట్టు వస్తుంది, కనుక ఎవరికీ అనుమానం రాదు. రెండవ వీధివారు మొదటి వీధిలోని యంత్రాన్ని సంఖ్య చెప్పి పిలిస్తే చేరగలరు కాని, పేరుతో వెదకలేరు. మొదటి వీధివారికి రెండవ వీధి అసలు తెలియదు. తాతగారి కంప్యూటరులోని ఫోటోలు మనుమడి లాప్‌టాప్‌కు అందుతాయి, మనుమడి ఆటలోకి తాతగారి కంప్యూటరు మాత్రం చేరలేదు. ఏకపక్షంగా పనిచేసే ఇటువంటి వింత కనబడినప్పుడు రెండవ రౌటరుకోసం చూడవలెను.

దీనికి మందు సులభమే. కొన్ని రౌటర్లలో యాక్సెస్ పాయింట్ అనే ఎంపిక ఉంటుంది, దానిని ఎంచుకొంటే చాలును. ఆ ఎంపిక లేనప్పుడు ముందుగా రెండవ రౌటరు సొంత చిరునామాను మొదటి రౌటరు వరుసలోకి మార్చవలెను. మొదటిది 192.168.1.1 అయితే, దాని పంపిణీ 100వ సంఖ్యనుండి మొదలయ్యేటట్లయితే, రెండవదానికి 192.168.1.2 ఇవ్వవచ్చును. పిమ్మట డీహెచ్‌సీపీ అనే చిరునామాల పంపిణీని రెండవదానిలో ఆపవలెను. చివరగా మొదటి రౌటరునుండి వచ్చే తీగను రెండవదాని ఎడంగా ఉన్న రంధ్రంనుండి తీసి, నాలుగు రంధ్రాలలో ఒకదానిలో పెట్టవలెను. ఈ వరుస తప్పితే రెండవ రౌటరు పుట తెరవడానికి దారి దొరకక, సూదితో రీసెట్ మీట నొక్కి మళ్ళీ మొదలుపెట్టవలసి వస్తుంది.

చేతితో స్థిరంగా ఇచ్చిన చిరునామాలు రౌటరు పంచే వరుసలో పడకుండా చూసుకొనవలెను. కరెంటు పోయి వచ్చినప్పుడు ఒకే సంఖ్య ఇద్దరికి పడి, ‘నిన్నటిదాకా బాగానే ఉన్నది’ అనే ఫిర్యాదు పుట్టడానికి ఒక కారణం అదే. ఫైళ్ళు దాచే కంప్యూటరుకు ఎల్లప్పుడూ ఒకే సంఖ్య వచ్చేటట్లు రౌటరులోనే రిజర్వు చేయడం మేలైన పద్ధతి.

ఇక పింగ్ అనే ఆజ్ఞ. పింగ్ అని కొట్టి, ఖాళీ విడిచి, ముందు రౌటరు సంఖ్యను, తరువాత రెండవ కంప్యూటరు సంఖ్యను ఇచ్చి చూడవలెను. తీగమీద జవాబు ఒక మిల్లీసెకనులోపు వస్తుంది. వైఫైలో కొన్ని మిల్లీసెకన్లు పడుతుంది. జవాబు రాకపోయినంత మాత్రాన కలయిక లేదని తీర్మానించరాదు. ఒకే వీధిలోని యంత్రాలకు ‘డెస్టినేషన్ హోస్ట్ అన్‌రీచబుల్’ అని వస్తే ఆ సంఖ్యగల యంత్రం అక్కడ లేదని, లేదా నిద్రపోయిందని తలచవచ్చును. ‘రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్’ అని వస్తే అది చాలాసార్లు అక్కడే ఉండి, ఫైర్‌వాల్ జవాబు చెప్పనీయడం లేదని అర్థం. మొదటిదైతే తీగవైపు, రెండవదైతే అనుమతులవైపు నడవవలెను.

వైఫైమీద ఉన్న రెండు యంత్రాలూ రౌటరును చేరగలిగి, ఒకదానినొకటి మాత్రం చేరలేకపోతే, వాటిలో ఒకటి అతిథుల వైఫైకి తగులుకొని ఉండవచ్చును. అతిథుల నెట్‌వర్కు ఉద్దేశమే ఇంటివారి యంత్రాలను కనబడనీయకపోవడం. కొన్ని రౌటర్లలో ఏపీ ఐసొలేషన్ అనే ఎంపిక కూడా ఈ పనే చేస్తుంది.

అనుమతి

విండోస్ తాను చేరిన ప్రతి నెట్‌వర్కును పబ్లిక్ అనో ప్రైవేట్ అనో గుర్తు పెట్టుకొంటుంది. పబ్లిక్ అంటే బస్టాండు, ప్రైవేట్ అంటే ఇల్లు. విండోస్ 11 కొత్త నెట్‌వర్కును బస్టాండుగానే భావించి తలుపులు మూసుకొంటుంది. రౌటరు మార్చిన మరునాడు ఫైళ్ళు అందకపోవడానికి తరచు ఇదే కారణం, ఎందుకంటే విండోస్ దృష్టిలో అది కొత్త ఊరు. సెట్టింగులలో నెట్‌వర్క్ విభాగం తెరిచి ఇంటి కలయికను ప్రైవేట్ అని మార్చి, నెట్‌వర్క్ డిస్కవరీ, ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్ రెండింటినీ ప్రైవేట్ వరకే తెరవవలెను. దీనితో ఫైర్‌వాల్ కావలసిన ద్వారాలను తానే తెరుస్తుంది. దానిని పూర్తిగా ఆపవలసిన పని లేదు.

తలుపు తట్టినప్పుడు పేరు, సంకేతపదం అడిగి, సరైనదే ఇచ్చినా నిరాకరించే సందర్భాలు మూడు తెలుసుకొనదగినవి. మొదటిది, కంప్యూటరు తెరవడానికి వాడే నాలుగంకెల పిన్ ఆ యంత్రం ముందు కూర్చున్నవారికి మాత్రమే పనిచేస్తుంది. మరొక యంత్రంనుండి వచ్చినప్పుడు ఖాతా అసలు సంకేతపదమే ఇవ్వవలెను. ఏళ్ళ తరబడి పిన్ వాడి అసలు పదం మరచిన ఇళ్ళు ఎన్నో. రెండవది, సంకేతపదమే లేని ఖాతాతో నెట్‌వర్కు ద్వారా ప్రవేశం విండోస్ ఇవ్వదు. మూడవది, ఎప్పుడో ఒకసారి దాచిన పాత పదం క్రెడెన్షియల్ మేనేజరులో మిగిలిపోయి, ప్రతిసారీ దానినే పంపుతూ ఉంటుంది. దానిని అక్కడ తొలగించవలెను.

ఇన్ని తిప్పలు పడేకంటె, ఫైళ్ళు ఉన్న కంప్యూటరులో ఇంటివారికోసం ఒక మామూలు ఖాతాను వేరుగా సృష్టించి, దానికి సంకేతపదం పెట్టి, అందరూ ఆ పేరుతోనే రావడం సుఖం. ఆ ఫోల్డరుకు రెండు కాపలాలు ఉంటాయి. షేరింగ్ అనుమతి వీధి తలుపు, సెక్యూరిటీ అనుమతి గది తలుపు. రెండింటిలో ఏది బిగుతుగా ఉంటే అదే చెల్లుతుంది. వీధి తలుపు బార్లా తెరిచినా గది తలుపు మూసి ఉంటే లోపలికి పోలేరు.

ఇక్కడ ‘ఎవ్రీవన్’ అనే పేరుకు పూర్తి హక్కులు ఇచ్చి వదిలేసే అలవాటు గూర్చి గట్టిగా చెప్పవలసియున్నది. మరొక యంత్రంనుండి నెట్‌వర్కు ద్వారా తుడిచివేసిన ఫైలు రీసైకిల్ బిన్‌లో పడదు. అది ఉన్నపళాన పోతుంది. ఆటకు చోటు చాలలేదని పిల్లవాడు ఒక ఫోల్డరు తుడిచివేస్తే, ఆ ఫోల్డరులో తాతగారి చేతిరాత ఉన్నా, పట్టా స్కాను ఉన్నా తిరిగి తీసుకొనడానికి చెత్తబుట్ట లేదు. ఫోటోలు, కాగితాలు ఉన్న ఫోల్డరుకు చదివే హక్కు మాత్రమే ఇచ్చి, ఇచ్చిపుచ్చుకొనడానికి ఖాళీ ఫోల్డరు ఒకటి వేరుగా పెట్టవలెను. ఆపైన నెలకొకసారి బయటి హార్డ్‌డిస్కుమీదికి నకలు తీసి, ఆ డిస్కును ఊడదీసి బీరువాలో పెట్టవలెను. తగిలించి ఉంచిన డిస్కు నకలు కిందికి రాదు, ఎందుకంటే రాసే హక్కు ఉన్న చోటికల్లా బందిపోటు వైరసు కూడా పోగలదు.

ఈ మాట ఊహ కాదు. ఫైళ్ళు పంచుకొనే విండోస్ పద్ధతి పేరు ఎస్ఎంబీ. దాని మొదటి రూపంలోని లోపాన్ని ఆసరా చేసుకొని 2017 మే నెలలో వానాక్రై అనే వైరసు ఒక యంత్రంనుండి మరొకదానికి మనిషి చేయి పడకుండానే పాకి, ఫైళ్ళకు తాళాలు వేసి డబ్బు అడిగినది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడినవి. లోపాన్ని పూడ్చే సవరణ అంతకు రెండు నెలలముందే, మార్చిలోనే వెలువడియుండెను. వేసుకొననివారే నష్టపోయిరి. అదే సంవత్సరం చివరి భాగంలో వచ్చిన విండోస్ 10 కూర్పునుండి కొత్తగా ప్రతిష్ఠించిన యంత్రాలలో ఎస్ఎంబీ మొదటి రూపం మూసి వస్తున్నది. 2018లో హోమ్‌గ్రూప్ అనే సదుపాయాన్ని కూడా తొలగించినారు. కనుక హోమ్‌గ్రూప్ చేర్చమని చెప్పే పాత సూచనలు ఇప్పుడు నిరుపయోగం.

విండోస్ ఎక్స్‌పీ యంత్రం ఇంకా అటకమీదనో మూలగదిలోనో ఉన్నవారికి ఇది చిక్కే. దానికి ఎస్ఎంబీ మొదటి రూపం తప్ప వేరొకటి రాదు. దానితో మాట్లాడడంకోసం కొత్త కంప్యూటరులో ఆ రూపాన్ని మళ్ళీ తెరవడం మాత్రం తగదు. పాత యంత్రంలోని ఫైళ్ళను పెన్‌డ్రైవు మీదనో, దాని డిస్కును విప్పి యూఎస్‌బీ తీగతో కలిపియో ఒక్కసారి బయటికి తీసి, ఆ యంత్రాన్ని నెట్‌వర్కునుండి తప్పించడమే మేలు. పెన్‌డ్రైవు ఫ్యాట్32 పద్ధతిలో ఉంటే 4 గిగాబైట్లు మించిన ఫైలు దానిలో పట్టదు, చోటు ఎంత ఉన్నా సరే. పెండ్లి వీడియోలు ఆగిపోయేది అక్కడనే. ఎక్స్‌ఫ్యాట్‌లోకి మార్చితే ఆ అడ్డు తొలగుతుంది. మార్చేటప్పుడు అందులో ఉన్నదంతా పోతుంది, ఎక్స్‌పీకి అది చదవడానికి వేరే సవరణ కావలెను. కనుక ఎన్‌టీఎఫ్ఎస్ ఎంచుకొంటే రెండు యంత్రాలకూ సరిపోతుంది.

2024లో వచ్చిన విండోస్ 11 24హెచ్2 ప్రో సంచిక మరొక తలుపు మూసినది. సంకేతపదం అడగకుండా అతిథిగా రానిచ్చే ఫోల్డర్లను అది తెరవదు. రౌటరుకు తగిలించిన యూఎస్‌బీ డిస్కులు చాలావరకు ఆ విధంగానే పంచబడతాయి, అందుచేత సవరణ వేసిన మరునాడే ఆ డిస్కు కనబడకుండా పోయినదని తోస్తుంది. రౌటరు సెట్టింగులలో ఆ డిస్కుకు పేరు, సంకేతపదం పెట్టితే చాలామట్టుకు సరిపోతుంది.

పేరు పలకనప్పుడు

నెట్‌వర్క్ కిటికీలో మరొక కంప్యూటరు బొమ్మ కనబడకపోవడం, అది చేరరాకపోవడం రెండూ వేర్వేరు. బొమ్మ కనబడకపోయినా, ఫైళ్ళ కిటికీ పైన ఉండే చిరునామా పట్టీలో \\192.168.1.20 అన్న తీరున సంఖ్య కొట్టితే ఫోల్డర్లు తెరుచుకొంటే అనుమతులన్నీ సరిగానే ఉన్నవి, పేర్ల జాబితా మాత్రమే పాడైనది. ఆ జాబితా ఒకప్పుడు ఎస్ఎంబీ మొదటి రూపంమీద ఆధారపడేది. ఇప్పుడు ఫంక్షన్ డిస్కవరీ రిసోర్స్ పబ్లికేషన్ అనే సేవ ఆ పని చేస్తున్నది. సర్వీసెస్ జాబితాలో దానిని స్వయంచాలకంగా మొదలయ్యేటట్లు మార్చితే బొమ్మలు తిరిగి వస్తాయి. అంత శ్రమ ఎందుకనుకొన్నవారు ఆ సంఖ్యతోనే ఫోల్డరును ఒక డ్రైవు అక్షరానికి కలుపుకొనవచ్చును.

కంప్యూటర్లకు పేర్లు పెట్టేటప్పుడు 15 అక్షరాలకు మించకుండా, ఇంగ్లీషు అక్షరాలలో, ఖాళీలు లేకుండా పెట్టవలెను. ఇక్కడ మాతృభాషాభిమానం పనికిరాదు.

ఫైళ్ళ పేర్లకు మాత్రం తెలుగు చక్కగా పనికివస్తుంది, ఒక్క హద్దుతో. విండోస్‌లో బాగానే ఉన్న పొడవైన తెలుగు పేరు లైనక్స్ ఆధారంగా నడిచే రౌటరు డిస్కులోనికి నకలు కాకపోవచ్చును. అక్కడ పేరుకు 255 బైట్లు హద్దు. యూనీకోడ్‌లో తెలుగు సంకేతం ఒక్కొక్కటి మూడు బైట్లు తీసుకొంటుంది, కనుక 85 సంకేతాలు దాటరాదు. గుణింతాలు, వత్తులు విడివిడిగా లెక్కకు వస్తాయి. ‘స్త్రీ’ అనే ఒక్క అక్షరమే ఆరు సంకేతాలు, 18 బైట్లు. పెండ్లిపత్రికలోని వాక్యమంతా ఫైలు పేరుగా పెట్టే అలవాటున్నవారు ఇది గుర్తుంచుకొనవలెను.

ఫైలు చేరి, తెరిస్తే తెలుగుకు బదులు అర్థంలేని ఇంగ్లీషు గుర్తులు కనబడితే అది నెట్‌వర్కు తప్పు కాదు. డీటీపీ కేంద్రాలలో యూనీకోడ్ కాని అను వంటి ఫాంట్లతో కూర్చిన పత్రాలు ఆ ఫాంట్లు ఉన్న యంత్రంలోనే తెలుగుగా కనబడతాయి. నకలు ఎన్నిసార్లు తీసినా మార్పు ఉండదు. ఆ ఫాంటును రెండవ యంత్రంలో చేర్చడమో, పత్రాన్ని యూనీకోడ్‌లోకి మార్చడమో, పాత యంత్రంలోనే పీడీఎఫ్‌గా భద్రపరచడమో చేయవలెను. ఎక్స్‌పీ యంత్రాన్ని వదిలించుకొనే ముందు ఈ పని పూర్తి చేయడం మరువరాదు.

ఆటల సంగతి

ఫైళ్ళు అందుతున్న ఇంటిలో ఆటలు కలవకపోతే ముందు చూడవలసినది ఫైర్‌వాల్ జాబితా. ఆటను మొదటిసారి తెరిచినప్పుడు విండోస్ అనుమతి అడుగుతుంది. ఆత్రంలో రద్దు మీట నొక్కితే, ఆ ఆటను అడ్డగించే నియమం అప్పుడే రాసుకొంటుంది, మళ్ళీ అడగదు. అనుమతించిన అప్లికేషన్ల జాబితా తెరిచి, ఆ ఆటకు ప్రైవేట్ గడిలో గుర్తు పెట్టవలెను. అందరి యంత్రాలలోను ఆట ఒకే కూర్పు కావలెననేది కూడా మరచిపోయే విషయమే.

ఒకే ఇంటిలోని ఆటలు సాధారణంగా ‘ఇక్కడ ఎవరైనా ఉన్నారా’ అని వీధి అంతటికీ కేక వేసి జతగాళ్ళను వెదుకుతాయి. కంప్యూటరులో వీపీఎన్, వర్చువల్‌బాక్స్ వంటివి ఉంటే అవి లేని నెట్‌వర్కు ద్వారాలను సృష్టిస్తాయి. కేక ఆ ద్వారంనుండి బయటపడి గాలిలో కలుస్తుంది. ఆట ఆడే సమయంలో ఆ అదనపు ద్వారాలను నిలిపివేస్తే ప్రత్యర్థులు కనబడతారు. కొన్ని ఆటలలో కేకతో పని లేకుండా నేరుగా సంఖ్య ఇవ్వవచ్చును. మైన్‌క్రాఫ్ట్ జావా కూర్పులో ఒకరు ఆటను ఇంటి నెట్‌వర్కుకు తెరిచినప్పుడు తెరమీద ఒక పోర్టు సంఖ్య కనబడుతుంది, తక్కినవారు ఆ కంప్యూటరు సంఖ్య, రెండు చుక్కలు, ఆ పోర్టు సంఖ్య ఇచ్చి చేరవచ్చును. కౌంటర్ స్ట్రైక్ 1.6కు మామూలుగా 27015.

1999నాటి ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ రెండవ భాగం వంటి పాత ఆటలలో ఐపీఎక్స్ అనే కలయిక పద్ధతి కనబడుతుంది. విండోస్ విస్టానుండి అది లేదు, కనుక టీసీపీ/ఐపీ ఎంచుకొనవలెను. ఆ ఆటలకు డైరెక్ట్‌ప్లే అనే భాగం కూడా కావలెను. నేటి విండోస్‌లో పాత భాగాల జాబితాలో దానికి గుర్తు పెట్టితే వస్తుంది. ఎస్ఎంబీ మొదటి రూపం కూడా ఆ కిటికీలోనే వేరొక వరుసలో ఉంటుంది, పొరపాటున దానికి గుర్తు పెట్టకుండా చూసుకొనవలెను.

ఆట తుంపులు తుంపులుగా సాగితే వేగం చాలలేదనుకొనడం సహజం. నిజానికి ఆట పంపే సమాచారం చాలా చిన్నది. కావలసినది సమయం తప్పకపోవడం. రౌటరుకు పింగ్ ఇచ్చి చూసినప్పుడు జవాబులు 3, 4, 3, 180, 5 అన్న తీరున ఎగిరెగిరి పడితే దోషం వైఫైలో ఉన్నది. అక్కగారు పెద్ద వీడియో నకలు తీసుకొంటున్న సమయంలోనే తమ్ముని ఆట ఆగుతున్నదంటే ఇద్దరూ ఒకే గాలిని పంచుకొనడం వలన. ఒకరిని తీగమీదికి మార్చితే తగాదా తీరుతుంది. మార్చవలసినది వీడియోను కాదు, ఆటనే.

మరొక రాష్ట్రంలో ఉన్న మేనబావలతో ఇంటినుండి ఆడడం వేరు వ్యవహారం. ఆటను నడిపే ఇంటి రౌటరులో పోర్టు తెరవవలెనని పాత సూచనలు చెబుతాయి. ముందు రౌటరు పుటలో బయటి చిరునామా ఏమిటో చూడవలెను. అది 100.64 నుండి 100.127 మధ్య మొదలైతే సంస్థవారు ఒకే బయటి చిరునామాను ఎన్నో ఇళ్ళకు కలిపి ఇచ్చినారని అర్థం. ఆ ఇంటికి బయటినుండి నేరుగా దారి లేదు, రౌటరులో ఎన్ని పోర్టులు తెరిచినా ప్రయోజనం సున్న. మొబైలు డేటామీద నడిచే ఇళ్ళలోను చాలావరకు ఇదే స్థితి. ఆట కంపెనీవారి సొంత సర్వర్ల ద్వారా కలవడం, టెయిల్‌స్కేల్, జీరోటియర్ వంటివాటితో ఇద్దరి యంత్రాలను ఒకే వీధిలో ఉన్నట్లు కలుపుకొనడం, రెండు వైపులా ఐపీవీ6 ఉండి ఆట దానిని ఒప్పుకొంటే ఆ దారి వాడడం, సంస్థను అడిగి అదనపు రుసుముతో స్థిరమైన చిరునామా తీసుకొనడం మిగిలిన మార్గాలు. ఏ మార్గం పట్టినా ఫైళ్ళు పంచుకొనే 445 పోర్టును మాత్రం రౌటరులో బయటివైపుకు తెరవరాదు. మేనబావలకు పెండ్లి ఫోటోలు పంపవలసివస్తే దానికి వేరే దారులు చాలా ఉన్నవి.